విద్యుత్ క్షేత్రం విత్తనాన్ని నిజంగా తాకుతుందా?

రెండు లోహపు పలకలను 2 సెంటీమీటర్ల ఎడంతో ఒకదానికొకటి ఎదురుగా అమర్చి, కింది పలక మీద ఎండు గోధుమ గింజలను ఒక్క పొరగా పరిచి, పలకల మధ్య 10,000 వోల్టులు పెట్టామనుకుందాం. కంటికి కనిపించేది దాదాపు ఏమీ ఉండదు. గింజలు కదలవు, వేడెక్కవు, రంగు మారవు. వాటి మధ్య తేలికపాటి పొట్టు ఏదైనా చిక్కుకొని ఉంటే అది మాత్రం లేచి నిలబడుతుంది. పది నిమిషాల తరువాత ఆ గింజలను తీసి తడి కాగితం మీద పరిస్తే, క్షేత్రం తగలని గింజల కన్నా ఇవి ముందుగా మొలకెత్తాయనీ, వేరు కాస్త పొడవుగా సాగిందనీ చెప్పే పరిశోధన పత్రాలు చాలా ఉన్నాయి. ఏ తేడా కనిపించలేదని చెప్పేవి ఉన్నాయి, మోతాదు మించితే మొలక దెబ్బతిన్నదని చెప్పేవీ ఉన్నాయి. ఇవన్నీ ఒకే అంశం మీద వచ్చినవే అయినా, పక్కపక్కన పెట్టి చదివితే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు అనిపించవు.

ఈ చిక్కుకు మూలం ఒక పేరులో ఉందని నా అభిప్రాయం. ‘విద్యుత్ క్షేత్రంతో విత్తన శుద్ధి’ అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. పొడి గింజను విద్యుత్ ప్రవాహం లేకుండా కేవలం క్షేత్రంలో ఉంచడం ఒకటి. గాలిని అయాన్లుగా చీల్చి, ఆ అయాన్లనూ వాటితోపాటు పుట్టే ఓజోన్‌నూ గింజ మీద కురిపించడం మరొకటి. నానిన గింజ గుండా క్షణకాలపు విద్యుత్ స్పందనలను పంపడం ఇంకొకటి. రేడియో తరంగాల పౌనఃపున్యంతో గింజను లోపలి నుంచి వేడి చేయడం వేరొకటి. పని చేస్తుందా లేదా అన్న ప్రశ్న కన్నా, గింజకు అసలు తగిలింది ఏమిటన్న ప్రశ్న ముందు తేలాలి.

ఈ గందరగోళం కొత్తది కాదు. 1740లలో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఆంత్వాన్ నొలె రెండు లోహపు పాత్రల్లో ఆవగింజలు నాటి, ఒక పాత్రను స్థిర విద్యుత్తుతో ఆవేశపరిచి, ఆ పాత్రలోని మొలకలే ముందు వచ్చాయనీ ఎక్కువ ఎదిగాయనీ ప్రకటించాడు. 1783లో పియర్ బెర్తొలాఁ వాతావరణంలోని విద్యుత్తును ఎత్తైన స్తంభం ద్వారా పట్టి మొక్కల మీదికి పంపే పరికరాన్ని వర్ణించాడు. అయితే, మొక్కలు వెలుతురులోనే ఆక్సిజన్‌ను వదులుతాయని నిరూపించిన యాన్ ఇంగెన్‌హౌజ్ ఈ ప్రయోగాలను మళ్లీ చేసి, పాత్రల మీద పడే వెలుతురును సమానంగా ఉంచినప్పుడు విద్యుత్తు ప్రభావం కనిపించలేదని తేల్చాడు. ఈ ఖండన నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఎందుకంటే ఆయన విద్యుత్తును కాదనడంతో ఆగకుండా, తేడా ఎక్కడ నుంచి వచ్చి ఉంటుందో కూడా వెతికాడు. పందొమ్మిదో శతాబ్దం చివరలో ఫిన్లాండ్ శాస్త్రవేత్త సెలిమ్ లెమ్‌స్ట్రోమ్, ధ్రువ ప్రాంతాల్లో వేసవి పొట్టిదైనా మొక్కలు చురుగ్గా పెరగడం గమనించి, అందుకు ధ్రువకాంతులతో వచ్చే విద్యుత్తు కారణమై ఉండవచ్చని భావించి, పొలాల మీదుగా తీగలు కట్టి ప్రయోగాలు చేశాడు. అదే బాటలో బ్రిటన్ ప్రభుత్వం 1918లో ఒక సంఘాన్ని నియమించింది. వృక్షశాస్త్రవేత్త వి. హెచ్. బ్లాక్‌మన్ వంటి వారు ఏళ్ల తరబడి పైరు మీద తీగలు కట్టి అధిక వోల్టేజితో ప్రయోగాలు చేశారు. కొన్ని ఏళ్లలో దిగుబడి పెరిగింది, కొన్ని ఏళ్లలో పెరగలేదు. 1936లో ఆ పని ఆర్థికంగా గిట్టుబాటు కాదన్న నిర్ణయంతో ముగిసింది. ఆ తీగల నుంచి పైరు మీదికి దిగింది కేవలం క్షేత్రం కాదు, అయాన్ల ప్రవాహం. కానీ ఆ రోజుల నుంచి నేటి వరకు రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తూనే ఉన్నారు.

ఇక విత్తనం లోపలికి వెళదాం. ఎండు చిక్కుడు గింజ ఒకదాన్ని నీటిలో వేసి గమనించండి. మొదట గింజ మొత్తం ఒకేసారి ఉబ్బదు. బొడ్డు మచ్చ చుట్టుపక్కల పొట్టు ముడతలు పడుతుంది. ఆ ముడతలు నెమ్మదిగా గింజ అంతటా పాకుతాయి. కొన్ని గంటలకు లోపలి పప్పు ఉబ్బి పొట్టుతో సమానం కాగానే ముడతలు విప్పుకొని గింజ నున్నగా, బిగుతుగా మారుతుంది. ఇదంతా కేవలం భౌతికమైన పని. చచ్చిన గింజ కూడా ఇలాగే నీరు పీల్చుకుంటుంది. దీని తరువాత బరువు దాదాపు పెరగని ఒక విరామం వస్తుంది. పైకి ఏమీ జరగనట్టున్న ఆ విరామంలోనే అసలు పని సాగుతుంది. ఎండిన కాలంలో దెబ్బతిన్న డీఎన్‌ఏ మరమ్మతు అవుతుంది, మైటోకాండ్రియాలు మళ్లీ పనిలో పడతాయి. ధాన్యపు గింజల్లోనైతే పిండం నుంచి వచ్చిన జిబ్బరెల్లిన్ అనే హార్మోను సంకేతంతో, పిండిభాగాన్ని కప్పి ఉండే ఆల్యురోన్ పొర ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమును విడుదల చేసి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం మొదలుపెడుతుంది. మూడో దశలో వేరు మొన పొట్టును చీల్చుకొని బయటికి వస్తుంది. ‘మొలకెత్తింది’ అని మనం లెక్కపెట్టేది ఆ క్షణాన్నే.

మొదటి దశలో మరొక సంగతి జరుగుతుంది. ఎండిన కణపొరలు నీరు తగిలినప్పుడు వెంటనే తమ పూర్వపు అమరికకు రాలేవు. అవి సర్దుకునే లోపల పొటాషియం వంటి అయాన్లు, చక్కెరలు, అమైనో ఆమ్లాలు నీటిలోకి కారిపోతాయి. గింజ ఎంత ముసలిదైతే పొర మరమ్మతు అంత ఆలస్యమవుతుంది, కారుడు అంత ఎక్కువవుతుంది. నానబెట్టిన నీటి విద్యుత్ వాహకతను కొలిచి గింజ చేవను అంచనా వేసే పరీక్ష దీని మీదే ఆధారపడింది. బఠాణీ వంటి గింజల విషయంలో అంతర్జాతీయ విత్తన పరీక్ష సంఘం దాన్ని ఆమోదించింది కూడా. విద్యుత్ క్షేత్రం ప్రయోగాల్లో మేలు కలిగిన చోట ఈ కారుడు తగ్గినట్టు కొందరు నమోదు చేశారు. ప్రభావం కణపొరల దగ్గరే మొదలవుతుందన్న ఊహకు అది ఒక ఆధారం.

ఆ ఊహ సంఖ్యల పరీక్షకు నిలబడుతుందా? మొక్క కణపు పొర మందం సుమారు 7 నానోమీటర్లు, దాని ఇరువైపులా ఉండే వోల్టేజి తేడా సుమారు 150 మిల్లీవోల్టులు. 150 మిల్లీవోల్టులు చాలా చిన్నది. కానీ అంత పలచని పొర మీద పడినప్పుడు అది మీటరుకు 2 కోట్ల వోల్టులకు మించిన క్షేత్రం అవుతుంది. మన రెండు పలకల మధ్య ఉన్న క్షేత్రం మీటరుకు 5 లక్షల వోల్టులు మాత్రమే. గాలి తట్టుకోగల గరిష్ఠ క్షేత్రం మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు. అది దాటితే నిప్పురవ్వ లేస్తుంది. అంటే గాలిలో మనం కల్పించగల ఎంత బలమైన క్షేత్రమైనా, బతికి ఉన్న కణం తన పొరలో నిత్యం మోస్తున్న క్షేత్రంలో ఒక చిన్న వంతుకే సరిపోతుంది.

పైగా ఆ వంతు కూడా పూర్తిగా లోపలికి చేరదు. పొడి గింజను ఒక బంతిలా భావించి, దాని విద్యుత్ రోధక స్థిరాంకం (క్షేత్రాన్ని పదార్థం ఎంత బలహీనపరుస్తుందో సూచించే సంఖ్య) 4 అనుకుంటే, లోపలి క్షేత్రం బయటిదానిలో సగం అవుతుంది. ఆ సగమైనా గింజలోని కొద్దిపాటి తేమ వల్ల ఆవేశాలు జరిగి క్రమంగా తగ్గిపోతుంది. నానిన గింజ అయితే మంచి వాహకం. స్థిరమైన క్షేత్రంలో పెట్టిన మైక్రోసెకను లోపే దాని ఉపరితలం మీద ఆవేశాలు సర్దుకొని లోపలి క్షేత్రాన్ని దాదాపు సున్నా చేసేస్తాయి. లోహపు డబ్బాలో పెట్టిన రేడియో మూగబోయినట్టే ఇది. కాబట్టి తడి విత్తనాన్ని గాలి ఎడం ఉన్న పలకల మధ్య పెట్టి, స్థిర క్షేత్రం కణాల లోపల ఫలానా ప్రోటీనును కదిలించిందని ఎవరైనా రాస్తే ఆ వాక్యాన్ని అనుమానంతో చదవాలి. అదే తడి విత్తనాన్ని నీటిలో ముంచి, ఎలక్ట్రోడ్లను ఆ నీటికే తగిలించి, మైక్రోసెకన్ల స్పందనలను పంపితే కథ పూర్తిగా వేరు. అక్కడ ప్రవాహం కణజాలం గుండా నడుస్తుంది. 10 మైక్రోమీటర్ల వ్యాసార్థం ఉన్న కణం చుట్టూ సెంటీమీటరుకు 300 వోల్టులకు పైబడిన క్షేత్రం ఉంటే చాలు, దాని పొర మీద అర వోల్టు అదనంగా పడి, పొరలో తాత్కాలిక రంధ్రాలు తెరుచుకునే పరిస్థితి వస్తుంది. ఇక్కడ మోతాదుదే అంతా. కొద్దిగా అయితే కణం రంధ్రాలు పూడ్చుకొని చురుకుగా స్పందిస్తుంది, మించితే చస్తుంది.

మరి పొడి గింజల మీద గాలిలో చేసిన ప్రయోగాల్లో కనిపించిన మేలు ఎక్కడిది? ఇక్కడే గాలి పాత్రను పట్టించుకోవాలి. అధిక వోల్టేజి ఉన్న చోట ఒక సూది మొన, పలక అంచు, చివరికి గింజ కొసన ఉన్న నూగు కూడా క్షేత్రాన్ని తన దగ్గర కేంద్రీకరిస్తుంది. పలకల మధ్య సగటు క్షేత్రం గాలి చీలే స్థాయికి ఎంతో తక్కువగా ఉన్నా, ఆ మొన దగ్గర మాత్రం అది దాటిపోతుంది. చీకటి గదిలో చూస్తే అక్కడ లేత ఊదా రంగు వెలుగు కనిపిస్తుంది, చెవి పెట్టి వింటే బుసబుసమన్న సన్నని చప్పుడు, ముక్కుకు ఘాటైన ఓజోన్ వాసన. దీన్నే కరోనా ఉత్సర్గం అంటారు. ఆ వాసన వచ్చిందంటే ప్రయోగం ఇక క్షేత్రానికి పరిమితమైనది కాదు. ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు, అయాన్ల గాలి అన్నీ గింజను తాకుతున్నాయి.

ఈ దారినే ఉద్దేశపూర్వకంగా బలంగా నడిపితే శీతల ప్లాస్మా, అంటే పెద్దగా వేడెక్కకుండానే అయాన్లుగా చీలిన వాయువు అవుతుంది, ఇందులో యంత్రాంగం కొంతవరకు కళ్లకు కడుతుంది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో మసూరు పప్పు, చిక్కుడు, గోధుమ గింజలను రేడియో పౌనఃపున్యంతో పుట్టించిన శీతల ప్లాస్మాలో ఉంచితే, గింజ ఉపరితలం నీటిని ఇష్టపడేదిగా మారింది. అంతకుముందు పొట్టు మీద గుండ్రంగా నిలిచిన నీటి బొట్టు ప్లాస్మా తగిలాక పరుచుకుపోయింది. నీరు త్వరగా లోపలికి వెళితే మొదటి దశ త్వరగా ముగుస్తుంది. దీనికి కణపొరల మీద ఎలాంటి సూక్ష్మ ప్రభావాన్నీ ఊహించనక్కరలేదు. అదనంగా ఓజోన్ వంటివి గింజ మీది శిలీంధ్రాలను తగ్గిస్తాయి. బూజు పట్టవలసిన గింజ బూజు పట్టకపోతే మొలక శాతం దానంతటదే పెరుగుతుంది. ఆ పెరుగుదలకు విత్తనపు జీవక్రియతో సంబంధం లేదు.

జీవక్రియకు సంబంధించిన వివరణ కూడా ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ అణువులు కణానికి విషమని చాలాకాలం భావించారు. ఇప్పుడు తెలిసింది ఏమిటంటే, అవి మరీ తక్కువైతే గింజ నిద్ర వీడదు, మరీ ఎక్కువైతే గింజ పాడవుతుంది, మధ్యలో ఒక ఇరుకైన పరిధిలో ఉన్నప్పుడే మొలక సాగుతుంది. ఆ పరిధిలో అవి నిద్రను కాపాడే ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పట్టును సడలించి, జిబ్బరెల్లిన్ వైపు తూకాన్ని మొగ్గేలా చేస్తాయి. విద్యుత్ చికిత్స గింజను ఆ ఇరుకు పరిధిలోకి నెడుతుందనుకుంటే, ఒకే చికిత్స నిద్రలో ఉన్న గింజకు మేలు చేసి, ఇప్పటికే సిద్ధంగా ఉన్న గింజకు కీడు ఎందుకు చేస్తుందో, ప్రయోగానికీ ప్రయోగానికీ ఫలితం ఎందుకు తలకిందులవుతుందో అర్థమవుతుంది.

ఫలితాలను చదవడం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. నూరు గింజలు ఒక పళ్లెంలో, నూరు మరో పళ్లెంలో పెట్టాం. మామూలు పళ్లెంలో 85 మొలిచాయి, క్షేత్రం తగిలిన పళ్లెంలో 91 మొలిచాయి. ఆరు శాతం పెరిగిందని సంబరపడవచ్చా? 85 శాతం మొలక ఉన్న విత్తనం నుంచి నూరు గింజలు తీస్తే, అదృష్టం కొద్దీ వచ్చే ప్రామాణిక దోషమే దాదాపు మూడున్నర గింజలు. రెండు పళ్లేల తేడాకు ఆ దోషం నాలుగున్నర దాటుతుంది. కాబట్టి ఆరు గింజల తేడా ఏ చికిత్సా లేకుండా కూడా తరచుగా వస్తుంది. విత్తన పరీక్ష కేంద్రాలు మొలక శాతం కోసం 400 గింజలను నూరేసి చొప్పున నాలుగు భాగాలుగా పెట్టేది ఇందుకే. మరొక సంగతి, 96 శాతం మొలిచే కొత్త విత్తనానికి ఇంక పెరగడానికి చోటే లేదు. అక్కడ చూడవలసింది శాతాన్ని కాదు, వేగాన్ని. సగం గింజలు మొలవడానికి ఎన్ని గంటలు పట్టిందన్నదాన్ని.

మొలక శాతాన్ని మొలక పొడవుతో గుణించి వచ్చే ‘చేవ సూచిక’ను చాలా పత్రాలు శీర్షికలో పెడతాయి. ఆ గుణకారం రెండు చిన్న తేడాలను పెద్ద తేడాగా చూపిస్తుంది. శాతం 85 నుంచి 91కీ, పొడవు 10 సెంటీమీటర్ల నుంచి 11కీ పెరిగితే సూచిక 850 నుంచి 1001కి, అంటే దాదాపు 18 శాతం ఎగబాకుతుంది. ఒక రోజు ముందు మొలిచిన గింజ లెక్కించే రోజుకు సహజంగానే పొడవుగా ఉంటుంది కాబట్టి, అది ఎదుగుదలలో వచ్చిన మేలా లేక ముందుగా బయలుదేరడం వల్ల వచ్చిన తేడానా అన్నది ఆ సూచిక చెప్పదు. ఇంకో లోపం పోలికలో ఉంది. చికిత్స పొందిన గింజలను ఏమీ చేయని గింజలతో పోల్చితే సరిపోదు. కొన్ని గంటలు మంచి నీటిలో నానబెట్టి నీడలో ఆరబెట్టిన గింజలతో కూడా పోల్చాలి. ఖర్చులేని ఆ పాత పద్ధతి ఇచ్చే మేలును మించకపోతే అధిక వోల్టేజి యంత్రంతో పనేమిటి? ఈ పోలిక లేని పత్రాలు ఎన్నో కనిపిస్తాయి.

మొలిచిన తరువాతి ఎదుగుదల వేరే అధ్యాయం. పెరుగుతున్న వేరు తన చుట్టూ తానే చిన్న అయాన్ ప్రవాహాలను నడుపుతుంది. బయటి నుంచి క్షేత్రం పెట్టిన ద్రవంలో వేర్లు ఒక వైపుకు వంగడం ప్రయోగశాలల్లో బాగా రుజువైన విషయం. అంటే వేరుకు విద్యుత్తును గుర్తించే శక్తి ఉంది. ఆకుల విషయంలో మాత్రం బలమైన క్షేత్రం హాని చేయగలదు. 1960లలో లారెన్స్ మర్ చేసిన ప్రయోగాల్లో ఆకు కొసలు దెబ్బతిన్నాయి. కొసల దగ్గరే క్షేత్రం కేంద్రీకృతమవుతుంది గనుక ఇది ఊహించదగినదే. 2022లో చైనా పరిశోధకులు గాలినీ వాన చినుకులనూ వాడుకొని రాపిడితో విద్యుత్తు పుట్టించే పరికరంతో బఠాణీ విత్తనాలకూ మొక్కలకూ క్షేత్రాన్ని అందించి, మొలకెత్తే వేగం సుమారు 26 శాతం, దిగుబడి సుమారు 18 శాతం పెరిగాయని నేచర్ ఫుడ్ పత్రికలో ప్రకటించారు. బయటి విద్యుత్ సరఫరా అక్కరలేని ఆ పరికరం ఆలోచన అందమైనది. ఆ సంఖ్యలు వేర్వేరు నేలల్లో, వేర్వేరు ఏళ్లలో, ఏ మొక్కకు క్షేత్రం అందిందో తెలియని వారు కొలిచినప్పుడు కూడా నిలిస్తేనే వాటిని సాగు లెక్కల్లోకి తీసుకోగలం.

ఇప్పుడు సామాజిక మాధ్యమాల్లో బాగా తిరుగుతున్న రాగి తీగ సంగతి. కర్రకు రాగి తీగ చుట్టి మొక్క పక్కన నేలలో పాతితే వాతావరణ విద్యుత్తు దిగి మొక్క ఏపుగా పెరుగుతుందని చెబుతున్నారు. నిర్మలమైన రోజున నేల దగ్గర గాలిలో మీటరుకు 100 వోల్టులకు పైగా క్షేత్రం ఉండటం నిజమే. కానీ ఆ క్షేత్రం వల్ల నేలలోకి దిగే ప్రవాహం చదరపు మీటరుకు సుమారు 2 పికోఆంపియర్లు (పికోఆంపియర్ అంటే ఆంపియరులో లక్ష కోట్లవ వంతు). మొత్తం ఒక హెక్టారు మీద దిగే ప్రవాహాన్ని పోగు చేసినా 20 నానోఆంపియర్లే. పైగా నేలకు తగిలించిన లోహపు కడ్డీ చేసేది పిడుగు కడ్డీ చేసే పనే. కొస దగ్గర క్షేత్రాన్ని పెంచి, తన చుట్టుపక్కల కింద ఉన్న దాన్ని తగ్గిస్తుంది. అంటే ఆ కడ్డీ నీడన ఉన్న మొక్కకు అందే క్షేత్రం అంతకుముందు కన్నా తక్కువ. పలకలూ, వోల్టేజీ, కొలిచిన మోతాదూ ఉన్న ప్రయోగాలతో దీన్ని కలిపి మాట్లాడటం ఆ ప్రయోగాలు చేసేవారికి అన్యాయం.

ప్రస్తుతం నమ్మకంగా చెప్పగలిగే మేలు రెండు మూడు చోట్ల ఉంది. అల్ఫాల్ఫా వంటి పప్పుజాతి పశుగ్రాసాల్లో నీటిని లోపలికి రానివ్వని గట్టి గింజలు చాలా ఉంటాయి. రేడియో పౌనఃపున్యపు వేడితో వాటిని మెత్తబరిచి నీరు పీల్చేలా చేయవచ్చని దశాబ్దాల క్రితమే తేలింది. అక్కడ పని చేసేది క్షేత్రం పుట్టించిన వేడి. నిల్వలో చేవ తగ్గిన విత్తనాల మీద ఫలితాలు కొత్త విత్తనాల మీద కన్నా మెరుగ్గా కనిపిస్తాయి, పెరగడానికి చోటు ఉన్నది వాటికే గనుక. గింజ మీది శిలీంధ్రాలను రసాయనాలు లేకుండా తగ్గించడానికి ప్లాస్మా చికిత్స ఆశాజనకంగా ఉంది. వీటిలో ఏదీ ఇంట్లో చేసి చూసే పని కాదు. వేల వోల్టుల మూలం, దానికి అంటిపెట్టుకున్న కెపాసిటర్ ప్రాణం తీయగలవు. మూసిన గదిలో ఓజోన్ ఊపిరితిత్తులకు హానికరం.

పెద్ద ఎత్తున చేయడంలో ఎదురయ్యే అడ్డంకి కూడా ఆ మొదటి ప్రశ్నకే తిరిగి వస్తుంది. పళ్లెంలో ఒక్క పొరగా పరిచిన గింజల్లో ప్రతి గింజకూ ఒకే క్షేత్రం తగులుతుంది. టన్నుల కొద్దీ విత్తనం కదిలే పట్టా మీద గింజలు పొరలు పొరలుగా పడి, ఒకదాని వల్ల ఒకటి మరుగై, తాకే చోట్ల క్షేత్రం పెరిగి, మిగిలిన చోట్ల తగ్గి, తేమ 9 శాతం ఉన్న గింజ ఒక రకంగా, 13 శాతం ఉన్న గింజ మరో రకంగా స్పందిస్తాయి. అందుకే యంత్రం మీద రాసిన వోల్టేజి ఒక్కటి చూసి మోతాదు చెప్పలేం. గింజ తేమ ఎంత, పలకల మధ్య ఎడం ఎంత, పొర మందం ఎంత, చికిత్స సాగినంతసేపు ప్రవాహం నడిచిందా, ఓజోన్ ఎంత పుట్టింది అన్న వివరాలు పత్రంలో ఉంటేనే మరొకరు అదే పనిని మళ్లీ చేసి, అదే ఫలితం వస్తుందో లేదో చూడగలుగుతారు.